దొంగల ఓడలో నాకు దొరికిన ఉద్యోగం

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, నరసరావుపేట హాస్టల్ నుంచి రెండు బ్యాగులతో, ఒక కొత్త పిచ్చితో ఇంటికొచ్చింది. జపాను వాళ్ళ బొమ్మల సీరియల్ అది. ఓడ దొంగల కథ. వందల భాగాలున్నాయట. అన్నం తింటున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. ఓడలో ఉన్నవాళ్ళంతా అరుచుకుంటున్నారు, కొట్టుకుంటున్నారు, మళ్ళీ ఒకే పళ్ళెంలో తింటున్నారు. వీళ్ళు దొంగలు కదే అంటే, మంచి దొంగలమ్మా అంది. నేను జీవితంలో ఎక్కిన ఓడ సాగర్‌లో లాంచీ ఒక్కటే. దాంట్లోనూ గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

మాది రెంటచింతల పక్క ఊరు. మే నెలలో పగలు పది దాటితే మా వైపు మనిషి గడప దాటడు. కాబట్టి ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండాల్సిందే. మామూలు రోజుల్లో మాకు ఆ అవసరం రాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం అది ఫోన్ పట్టుకొచ్చి, "అమ్మా, ఆ ఓడలో నువ్వు ఎవరివో కనుక్కుందాం" అంది. పది ప్రశ్నలట. ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు. మన మనసులో ఉన్నది నొక్కితే, ఆ ఓడ మనుషుల్లో మన గుణం ఎవరికి సరిపోయిందో చివర్న చెబుతుంది. మా అమ్మాయికి, ఓడకి దారి చూపే పిల్ల పేరు వచ్చిందట. హాస్టల్లో దాని స్నేహితురాళ్ళలో ఒకతెకి వడ్రంగి వస్తే ఆ పిల్ల అన్నం మానేసిందట. ఇంత చదివించి వీళ్ళు నేర్చుకున్నది ఇదా అనుకున్నాను గానీ, ముందుకి జరిగి కూర్చున్నాను.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను ఈ ఊరి సర్పంచ్‌ని. రాస్తుంటే ఎవరి గురించో రాస్తున్నట్టే ఉంది. సీటు ఆడవాళ్ళకి వచ్చిన ఏడు మా ఆయన నా చేత నామినేషన్ వేయించారు. గెలిచిన రోజు దండలన్నీ ఆయన మెడలో పడ్డాయి. ఆయన మెడలో చోటు చాలకపోతే మిగిలినవి నాకు వేశారు. మండలం మీటింగులకు ఆయనే వెళతారు. కాగితాలు ఇంటికొస్తాయి. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలు చూపిస్తారు, పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇస్తారు. ఇంత మర్యాదగా చూసుకునే మొగుడు ఎంతమందికి ఉంటాడని మా ఆడపడుచు అంటుంది.

ఆ మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకుని వింటున్నారు. అమ్మాయి మొదటి ప్రశ్న చదివింది. తుఫాను వస్తే ఏం చేస్తావు? నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి జవాబు వచ్చింది.

"చుక్కాని పట్టుకుంటది. అది నొక్కు."

"నాన్నా, అమ్మని అడిగా."

"మీ అమ్మ సంగతి నాకు తెల్వదా ఏంది. నొక్కు."

అది నా వైపు చూసింది. నేను కానీయమన్నట్టు తలాడించాను. అలవాటు అంతే. రెండో ప్రశ్నకీ ఆయనే, మూడోదానికీ ఆయనే. నిధి దొరికితే అందరికీ పంచుతుందట మీ అమ్మ. శత్రువు ఎదురైతే ముందు నిలబడుతుందట. ఆయన కళ్ళు మూసుకుని, చేయి నుదుటి మీద పెట్టుకుని, నా ధైర్యసాహసాలు ఒక్కొక్కటే చెబుతున్నారు. చానా హుషారుగా ఉన్నారు ఆ పూట.

ఏడో ప్రశ్న ఇలా ఉంది. మీ కెప్టెన్ ఒక మనిషిని ఓడలోంచి దించి, ఎవరూ లేని దీవిలో వదిలేయమన్నాడు. ఆ మనిషి తప్పేమీ లేదని నీకు తెలుసు. ఏం చేస్తావు?

"అడ్డం పడతది" అన్నారు ఆయన. "మీ అమ్మ ఊరుకుంటదా. అడ్డం పడతది."

అమ్మాయి నొక్కేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అబద్ధం ఆడి ఉంటే అంత మండేది కాదు. ఆయనకి నిజంగానే గుర్తు లేదు.

అంతకు రెండు నెలల ముందు, ఒంటిపూట బడులు మొదలైన వారంలో, ఆయన ఒక కాగితం తెచ్చారు. మా ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండే మనిషిని మార్చాలని పంచాయతీ తరఫున సిఫార్సు. పదకొండేళ్ళుగా వండుతున్న మనిషి ఆమె. మొగుడు లేడు, బడి వెనక వీధిలో ఉంటుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను పిన్నీ అంటాను. మా అమ్మాయి అయిదో తరగతి దాకా ఆ బడిలోనే చదివి, ఆమె పెట్టిన అన్నమే తింది. అమ్మమ్మా అని పిలిచేది. కోడిగుడ్డు పచ్చసొన తినని పిల్లలకి సొన తీసి అన్నంలో కలిపి ముద్దలు పెట్టేదట. ఆ సంగతి అమ్మాయి చెబితేనే నాకు తెలిసింది.

ఆమె వంట మీద ఎవరూ పితూరీ చెప్పలేదు. ఆమె కొడుకు పాత పార్టీ కండువా తీయలేదు, అదీ నేరం. మేమూ మొన్నటిదాకా అదే పార్టీ. గవర్నమెంటు మారాక మా ఆయన కండువా మార్చారు. మార్చినవాడు తమవాడేనని పైవాళ్ళు నమ్మాలంటే పాతవాళ్ళ మీద చెయ్యి చేసుకుని చూపించాలి. కొడుకుని ఏమీ చేయలేరు, వాడు సొంత ఆటో తోలుకుంటాడు. అందుకని తల్లి గరిట లాక్కున్నారు.

నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు. "ఆమె ఏం చేసిందండీ?" అన్నాను. "ఆమె ఏం చెయ్యలేదే. నువ్వు పెట్టు" అన్నారు. మూత తీసిన పెన్ను చేతికిచ్చారు. పొయ్యి మీద పాలు ఉన్నాయి, పొంగుతాయన్న తొందర కూడా ఉంది. పెట్టాను. పాలు పొంగలేదు.

బడి సెలవులిచ్చిన రోజున పిన్నిని ఇక రావద్దన్నారు. ఊళ్ళో అందరికీ కారణం తెలుసు. మా అమ్మాయికి మాత్రం, అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులని తనే మానేసిందని ఆయన చెప్పారు. నేను కాదనలేదు.

పది ప్రశ్నలూ అయ్యాయి. ఫోన్‌లో బాకాలు మోగాయి. నేను కెప్టెన్‌నట. మా ఆయన లేచి కూర్చుని నవ్వారు. "చూశావా, మీ అమ్మని కెప్టెన్ని చేశా" అన్నారు. ఆ మాట ఆయనకి ఎక్కడా తగల్లేదు. చొక్కా వేసుకుని, ఎండ తగ్గిందని, మండలం ఆఫీసులో సర్పంచుల మీటింగుకి వెళ్ళిపోయారు.

బండి శబ్దం సందు మలుపు తిరిగాక, మళ్ళీ పెట్టమన్నాను. "ఈసారి నేను చెబుతా" అన్నాను. దానికి ముచ్చటేసింది. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని చదవడం మొదలుపెట్టింది.

ఇక అబద్ధం ఆడకూడదనుకున్నాను. తుఫాను వస్తే లోపలికెళ్ళి తలుపేసుకుంటా. నిధి దొరికితే ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తా. శత్రువు ఎదురైతే వెనక నిలబడతా. అది ప్రతిదానికీ తలెత్తి "నిజంగానా?" అంటోంది. నొక్కు అంటున్నాను. ఏడోది వచ్చింది. నాలుగు జవాబులూ మళ్ళీ చదివించుకున్నాను. అడ్డం పడతా. ఆ మనిషితో పాటు నేనూ దిగిపోతా. దొంగచాటుగా తిండి పంపిస్తా. మొహం పక్కకి తిప్పుకుంటా.

"నాలుగోది" అన్నాను.

ఈసారి ఏదో ఒక వెధవ పేరు వస్తుందనుకున్నాను. రావాలనే కోరుకున్నాను. ఓడకి కన్నం పెట్టేవాళ్ళో, తోటివాళ్ళని పట్టిచ్చేవాళ్ళో ఒకళ్ళు ఉంటారు కదా. బాకాలు మోగాయి. నేను డాక్టర్‌నట. కింద రాసింది అమ్మాయి తెలుగు చేసి చదివింది. నీది జాలిగుండె. గొడవలంటే నీకు పడదు. ఎవరినీ నొప్పించలేవు. నువ్వున్న ఓడ అదృష్టం చేసుకుంది.

"అమ్మా, నాకు అందరికన్నా ఇష్టమైనది ఇదే" అని అది నా చేయి పట్టుకుని ఊపింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిరికితనం అంతా పోగేసి పోస్తే, ఫోన్ దాన్ని జాలి అని చుట్టి నా చేతికే ఇచ్చింది. మా ఊరు అంతే, మా ఆడపడుచు అంతే. ఫోన్ కూడా అంతేనని అనుకోలేదు.

"ఆ ఓడలో తోటివాళ్ళని దించేసే మనిషి ఎవరూ లేరా?" అని అడిగాను.

"అట్లాంటోళ్ళు శత్రువుల ఓడలో ఉంటారమ్మా. వాళ్ళకి వేరే క్విజ్ ఉంటది."

"అయితే అది పెట్టు."

అది నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. అప్పుడు చెప్పాను. మోకాళ్ళ నొప్పులు లేవు, కాగితం ఉంది, కాగితం కింద నా సంతకం ఉంది అన్నాను. పాలు పొయ్యి మీద ఉన్నాయని కూడా చెప్పాను, అదేదో సాకు అయినట్టు. అది ఫోన్ బోర్లా పెట్టింది. తిడుతుందనుకున్నాను. చిన్నప్పుడు పెట్టిన ముద్దలు గుర్తు చేసి ఏడుస్తుందనుకున్నాను.

"నాన్న చెప్తే నువ్వేం చేస్తావులే అమ్మా" అంది. చాలా మెల్లగా, పెద్దదానిలా అంది. పదహారేళ్ళకే నేర్చేసుకుంది, ఆడదాన్ని ఏ మాట చెప్పి విడిచిపెట్టాలో. రేపు తనకీ అదే మాట కావాల్సి వస్తుందని దానికి అప్పుడే తెలుసేమో అనిపించి, నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. లేచి టీ పెట్టడానికి వెళ్ళాను.

జూన్‌లో బడి తెరిచే లోపు ఏదైనా చేయొచ్చు. తీసేయడానికి నా సంతకం పనికొస్తే, తిరిగి పెట్టమని అడగడానికీ పనికొస్తుంది. ఒక కాగితం, ఒక పెన్ను. మూత తీయడం నాకూ చేతనవును. రోజూ అనుకున్నాను. మామిడికాయ ముక్కలు కోస్తూ అనుకున్నాను, జాడీ మూతకి గుడ్డ కడుతూ అనుకున్నాను. బడి తెరిచారు. కొత్త మనిషి వచ్చి వండింది. బాగానే వండుతుందట.

దీపావళి వెళ్ళాక మా చేలో పత్తి తీతకి ముఠాని పిలిచారు. కూలీలకి టీ పట్టుకుని నేను వెళ్ళాను. ఇరవై మందిలో పిన్ని ఉంది. మేం పిలవలేదు, ముఠాతో పాటు వచ్చింది. నడుముకి గోనె ఒడి కట్టుకుని, వంగి, రెండు చేతులతో పత్తి లాగుతోంది. దాటుకుని వెళ్ళిపోదామనుకున్నాను. గ్లాసు ఇవ్వకుండా దాటడానికి దారి లేదు.

గ్లాసు ఇస్తూ, నా నోరు పడిపోను, "మోకాళ్ళు ఎట్లా ఉన్నయి పిన్నీ?" అన్నాను.

ఆమె నడుము ఎత్తి నిలబడింది. "నా మోకాళ్ళకేమైంది అమ్మాయ్. ఉదయం కాణ్ణుంచీ వంగే ఉన్నా" అంది. టీ ఊదుకుని తాగింది. పక్క సాళ్ళలో వాళ్ళు వినపడనంత దూరం వెళ్ళేదాకా ఆగింది.

"ఊళ్ళో అందరూ నాతో ఒకటే మాట. ఆ పిల్లేం చేసిద్ది, మొగుడు చూపించిన కాడ పెట్టింది, దాన్నేం అనమాక అని. నా కొడుకూ అదే అంటన్నాడు." గ్లాసు నా చేతికిచ్చింది. "నువ్వు కాపరానికొచ్చిన కాణ్ణుంచీ చూస్తన్నా నిన్ను. నీకు బుర్ర లేదని నేననుకోను. నన్ను తీసేసింది నువ్వే అనుకుంటన్నా."

ఆమె గొంతులో కోపం లేదు. జవాబు కోసం నిలబడింది, అంతే.

"నేనే తీసేశాను పిన్నీ" అన్నాను.

ఆమె తల ఊపి, ఒడి సర్దుకుని, మళ్ళీ వంగింది.