సుగుణక్క మీట్‌లోఫ్

నాలుగు రోజులుగా సుగుణక్కా నేనూ అద్దెకుంటున్న బేస్‌మెంట్‌లో అదే తిండి, విరిగిపోయిన మీట్‌లోఫ్. వేర్‌హౌస్‌లో పది గంటలు అట్టపెట్టెలు మోసి వచ్చిన మనిషికి ఇంత పప్పన్నం కూడా దొరకదా అని నాకు ఒళ్లు మండేది. సుగుణక్క మొహం చూసి మాత్రం పెట్టింది తినేసేదాన్ని.

ఆమెది సిద్దిపేట. హైదరాబాద్‌లో పన్నెండేళ్లు లేడీస్ హాస్టల్ మెస్ నడిపింది. రెండొందల మందికి బగారా అన్నం వండి దించిన చెయ్యి. ముప్పయ్యారేళ్ల వయసులో, 2022లో, మాలాంటి పిల్లకాయలతో పాటే స్టూడెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి వంటశాల నిర్వహణలో డిప్లొమా చేసింది. ఇప్పుడు వర్క్ పర్మిట్ ఎనిమిది నెలలే మిగిలింది. రెస్టారెంట్‌లో గిన్నెలు తోమిన అనుభవం ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్‌కి పనికిరాదు, కుక్ ఉద్యోగమే కావాలి. మేముండే వాన్ ఊళ్లోనే ఉన్న ఒక వృద్ధాశ్రమం వాళ్లు శుక్రవారం రమ్మన్నారు. బార్బెక్యూ మీట్‌లోఫ్ చేసి చూపిస్తే ఉద్యోగం.

చెప్పుకోడానికి అదేం బ్రహ్మవిద్య కాదు. టర్కీ కీమాలో గుడ్డు, బ్రెడ్ పొడి, ఉల్లిపాయ కలిపి, పొడుగాటి అచ్చులో కుక్కి, పైన తియ్యతియ్యగా పొగవాసనేసే సాస్ పూసి ఓవెన్‌లో పెట్టడమే. అయినా ప్రతిసారీ కత్తి పెట్టగానే ఉప్మాలా రాలిపోయేది. ఇంకో గుడ్డు వేసింది, బ్రెడ్ పొడి పెంచింది. లాభం లేకపోయింది.

బుధవారం సాయంత్రం ఆమె సింకు దగ్గర నిలబడి, జల్లెడలో కీమా పోసి, పసుపు వేసి కడుగుతోంది. నేను మంచం మీద నుంచే సలహా పారేశాను.

"ఇంకో నీళ్లు పొయ్యక్కా. నీచు వాసన ఇక్కడిదాకా వస్తోంది."

"పోస్తున్న ధాత్రీ. నాలుగో నీళ్లు."

గంట తర్వాత అచ్చు బయటికి తీస్తే, అడుగున పచ్చటి నీళ్లు తేలుతున్నాయి.

"ఇన్ని నీళ్లెక్కడివక్కా?" అన్నాను.

ఆమె సింకులోని జల్లెడ వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఒకే రోజు, వంటింటి శుభ్రత మీద పెట్టే ఫుడ్ హ్యాండ్లర్ పరీక్ష రాసినవాళ్లం. పచ్చిమాంసం కడగకూడదన్న ప్రశ్నకి ఇద్దరం సరిగ్గానే టిక్కు పెట్టి పాసయ్యాం. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

"కడగకుండ ఎట్ల వండుతరే?" అంది సుగుణక్క నీరసంగా. "మా అమ్మ చూస్తే గిన్నె ఇసిరికొడ్తది."

"మీ అమ్మ పీఆర్ ఇప్పించదుగా," అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

శుక్రవారం ఆమె తిరిగొచ్చేసరికి నాలుగైంది. బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీదే కూలబడింది. పని అయిందా లేదా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"సోమవారం నుంచి రమ్మన్నరు," అంది. "కీమా కడగకుండనే కలిపిన. ముక్కలు ఇటుకల్లెక్క నిలబడ్డయి."

నాకు సంతోషమైంది. కుళ్లు కూడా పుట్టింది, దాచడమెందుకు? నాకింకా ఆ అట్టపెట్టెలే గతి.

"మరి ఆ మొహమేంటక్కా?"

"నన్ను కూడ రుచి చూడమన్నరు. కుక్ తినందే ముసలోళ్లకు పెట్టరట. వాళ్ల ముందట తిన్న."

"బాలేదా?"

"మంచిగనే ఉంది. మింగినంక బాత్రూముకు పోయి కక్కిన. ఎవరికీ తెల్వనియ్యలే." గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. "ఇగ వారానికి ఐదు రోజులు తినాలె ధాత్రీ. అలవాటైతది గదా?"

అలవాటవుతుందక్కా అన్నాను. ఆమె బూట్లు నేనే విప్పాను.