గడిలో కూర్చోని చిలక పచ్చ

పాసయ్యాను! బీఏ పాసయ్యాను! ఇంటర్నెట్ సెంటర్లో హాల్ టికెట్ నంబరు కొట్టి చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మా నాన్న టమోటా మండీలో క్రేట్లు మోస్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. పగలు కంప్యూటర్లో అచ్చు పేజీలు దిద్దే డీటీపీ పని చేసుకుంటూ ప్రైవేటుగా కట్టాను. వచ్చినప్పుడల్లా "పరీచ్చలు ఎప్పుడమ్మా?" అని అడిగే కస్టమర్ ఒకాయన ఉండేవాడు. ఇంత సంతోషంలోనూ ఆయన సంగతే గుర్తొస్తోంది.

ఆయన పని మా దగ్గరకొచ్చింది 2003లో, మదనపల్లెలో. డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో తెర అంచున రంగుల గడులు వరుసగా ఉంటాయి, దాన్ని కలర్ పాలెట్ అంటాం. కానీ తెరమీది రంగు అచ్చులో అట్లాగే పడదు. ప్రెస్సులో ఉండేవి నాలుగు సిరాలే: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు. ఏ రంగుకు ఏ సిరా ఎంత శాతమో గడుల కింద రాసి, పుంగనూరు ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చు వేయించి, ఆ పట్టికను మా డీటీపీ సెంటర్ గోడకు అంటించాను.

ఆ కస్టమర్ పేరు గంగులప్ప, పట్టుచీరలు నేసేవాడు. బెంగళూరు వ్యాపారి ఒకాయన షేడ్ కార్డు పంపమన్నాడు. నేయగల రంగులన్నీ నంబర్లతో అచ్చేసిన అట్ట అది. దాన్ని చూసే ఆర్డరు ఇస్తాడు. ఆర్డరొస్తే మగ్గం నిలబడుతుంది, లేకపోతే అమ్ముకోవడమే.

పట్టిక చూపిస్తే గంగులప్ప మొహం చిట్లించాడు.

"ఏందమ్మా ఇవి, సచ్చిన రంగులు!" చేతిలోని పట్టు నూలు చిలప కట్టను మానిటర్‌కు ఆనించాడు. "ఈ అద్దంలో సూడు, చిలక పచ్చ ఎట్ల మెరస్తాండాదో! అచ్చం నా పట్టు మాదిరే ఉండాది."

"అప్పా, అద్దంలో ఎనకనుంచి వెలుతురొస్తాండాది. కాగితానికి వెలుతురు యాడుంటాది? గోడమీద పచ్చే పడేది."

"పుట్టినకాడ్నించి రంగుల్లోనే ఉండాను. నాకు రంగు సెప్తావా? నువ్వు పోయి సదువుకో పో!"

ఇద్దరం నవ్వుకున్నాం. పట్టు మెరుపుకు అలవాటుపడిన ఆ కంటికి మానిటర్ మెరుపే నిజమనిపించింది. ఆయన తెరమీద ఏరిన రంగులతోనే ఫైలు పుంగనూరు వెళ్ళింది.

కార్డుల్లో చిలక పచ్చ ఎండిన కరివేపాకు రంగులో పడింది. గంగులప్ప కార్డును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "నా పచ్చ యాడికి పోయిందమ్మా?" అన్నాడు. మళ్ళీ అచ్చు వేయించే వ్యవధి లేక అవే పంపాడు.

బెంగళూరాయనకు ఆ కరివేపాకు రంగే నచ్చింది! ఆ నంబరుకే ఆర్డరొచ్చింది. "కార్డు ఎట్లుంటే ఏమి, చీర సూస్తే మురిసిపోతాడులే" అని గంగులప్ప తన చిలక పచ్చే అద్ది, నేసి పంపాడు. చీరలన్నీ వెనక్కొచ్చాయి. కార్డులో ఉన్నది ఈ రంగు కాదన్నారట.

ఒక చీర తెచ్చి నా టేబుల్ మీద పరిచాడు. ఆ పచ్చ ముందు నా పట్టిక నిజంగానే చచ్చినట్టుంది.

"కాగితం సూసి పట్టును కాదంటాండారమ్మా. యాల?"

ఆ తర్వాత శాతాలు ఎన్ని రకాలుగా మార్చి చూసినా నాలుగు సిరాల్లో ఆ పచ్చ రాలేదు. దానికని గీసిన గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గంగులప్ప మగ్గం అమ్మేసి కుప్పంలో గ్రానైట్ పాలిష్ పనికి పోయాడు. ఇప్పుడాయన చేతుల్లో ఉండేది బూడిద రంగు రాయి.

రంగు చివరికి ఎక్కడ కనబడుతుందో అక్కడే దాన్ని ఎంచుకోవాలని నేర్చుకున్నాను. అచ్చు నమూనా ఎండలో చూపించకుండా ఇప్పుడు ఏ ఫైలూ పంపను. నేర్చుకున్నది నేను, మగ్గం పోయింది ఆయనది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: పెద్దమండ్యంలో మేనత్త. సోమలలో చిన్నమ్మ. పుంగనూరు ప్రెస్సు వాళ్ళు. కుప్పంలో గ్రానైట్ షెడ్డు పక్క టీ కొట్టు. గంగులప్పను పిలవమని, ఆయన వచ్చేదాకా లైన్లో ఉండాలి. పాసయ్యానని చెప్పాలి. చీరల మాట మాత్రం ఎత్తకూడదు.