షట్టర్ సందులు మూసిన మా చిన్నమ్మ

మొన్న సోమవారం పొద్దున మందకు నీళ్లు పెడుతుంటే షట్టర్లు బిగించే మేస్త్రి ఫోన్ చేశాడు. "అన్నా, చిన్నమ్మ పోయింది" అన్నాడు. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే గుండె ఆగిపోయిందట. ఆమె మా అమ్మకు చెల్లెలు. మేస్త్రికి ఆమెతో ఏ చుట్టరికమూ లేదు. అయినా కబురు నాకన్నా ముందు అతనికే అందింది. అదెందుకో తెలియాలంటే కట్టంగూర్ దగ్గరి మా షెడ్డు సంగతి చెప్పాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను గొర్రెల మందను పెట్టుకున్నాను. ట్రాక్టర్ కోసం కట్టిన షెడ్డుకు ముందు పెద్ద ఇనుప షట్టర్ ఉంది. ట్రాక్టర్‌ను బయట నిలిపి, ఈనిన గొర్రెలనూ పిల్లలనూ లోపల ఉంచాను. గోడలు గట్టివి, పైన రేకులు కొత్తవి, ఇంకేం భయం అనుకున్నాను. కానీ షట్టర్ కింద రెండు వేళ్ల సందు ఉంది, రెండు పక్కలా అంతకన్నా ఎక్కువే ఉంది. ఆ చలికాలం నాలుగు రోజుల్లో ఐదు పిల్లలు బిగుసుకుపోయి చనిపోయాయి. పశువుల డాక్టర్ వచ్చి చూసి చలిగాలే కారణం అన్నాడు. మేస్త్రిని పిలిపిస్తే చేతులు తుడుచుకుంటూ, "షట్టర్ అన్నంక సందు ఉంటదన్నా. దానికి మనమేం జేస్తం?" అని వెళ్లిపోయాడు.

మందను అమ్మేద్దామనుకున్నాను. ఆ మాటే చిన్నమ్మకు ఫోన్లో చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆమె మర్రిగూడ నుంచి బస్సెక్కి వచ్చింది. చంకలో ఒక పాత గొంగడి, చేతిలో దబ్బనం, దారం.

పన్నెండు గంటల ఎండలో నన్ను కూడా లోపలికి రమ్మని, "షట్టర్ దించు కొడుకా" అంది. దించాను. వెనక గోడ పైనున్న చిన్న కిటికీ వెలుతురు తప్ప లోపల చీకటైంది. షట్టర్ చుట్టూ తెల్లటి గీతలు మెరిశాయి.

"సూసినవా? ఎలుతురు ఏడికెళ్లి వస్తాందో, సలిగాలి గూడ ఆడికెళ్లే వస్తాంది."

రోజూ తెరుస్తూ మూస్తూ ఉన్న షట్టర్‌ను లోపలి నుంచి అట్లా చూడడం నాకు అదే మొదటిసారి.

రోడ్డు పక్క పంక్చర్ దుకాణం నుంచి లారీ ట్యూబు ముక్కలు తెప్పించింది. వాటిని పొడుగ్గా కోసి, ఇనుప పట్టీ అడ్డం పెట్టి షట్టర్ అడుగున బోల్టులతో నా చేత బిగింపజేసింది. గోడకూ షట్టర్ జారే గాడికీ మధ్య సిమెంటు కూరింది. గాడి లోపల గొంగడి పట్టీలు అతికింది. చేత్తో ముట్టుకుంటే ఇనుప రేకు మంచులా ఉందని, లోపలి వైపు గోనె సంచుల మధ్య ఉన్ని పరిచి కుట్టిన పరదా వేలాడదీసింది.

అన్నీ ఒక్కసారే కుదరలేదు. గాడిలో పట్టీ మందమై షట్టర్ జానెడు లేచి ఇరుక్కుపోయింది. లోపల గొర్రెలు, బయట మేము. మేస్త్రిని మళ్లీ పిలవక తప్పలేదు. అతను వంగి చూసి పడీ పడీ నవ్వాడు. "అమ్మా, గిది షట్టర్, నువ్వు కప్పుకునే గొంగడి గాదు."

"నవ్వుడు అయిపోయినంక బోల్టులిప్పు బిడ్డా" అంది చిన్నమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

అతను విప్పాడు. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని పట్టీని సగానికి పలచన చేసి మళ్లీ అతికింది. ఈసారి షట్టర్ జర్రున జారింది. మేస్త్రి రెండు మూడుసార్లు ఎత్తి దించి చూశాడు. మళ్లీ నవ్వలేదు. తరువాత ఆమె ఊదుబత్తి వెలిగించి అంచుల వెంట తిప్పింది. పొగ ఎక్కడా చెదరలేదు. నేను ఉత్సాహంతో వెనక గోడ పైనున్న ఆ కిటికీ కూడా మూయబోతే చేతి మీద ఒక్కటేసింది.

"గది ముయ్యకు. పైన గాలి ఆడాలె. ముక్కు మూసుకొని నువ్వు బతుకుతవా?"

ఆ చలికాలం మళ్లీ ఒక్క పిల్ల కూడా చలికి పోలేదు. మందను అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఇవాళ నా పిల్లల చదువులు ఆ మంద మీదే నడుస్తున్నాయి.

అప్పటి నుంచి మేస్త్రి ఎక్కడ సందు మూయాల్సి వచ్చినా చిన్నమ్మనే పిలిచేవాడు. తిరుమలగిరిలో ఒక విత్తనాల దుకాణానికి ఎలుకల బెడద ఉంటే నేనూ వాళ్లతో వెళ్లాను. పని అయ్యాక దుకాణదారు మేస్త్రి భుజం తట్టి, "మంచిగ జేసినవ్" అన్నాడు. చిన్నమ్మ లేచి నిలబడి కొంగు దులుపుకుంది.

"చేసింది నేను సేటూ. మంచిగున్నదా లేదా, నాకు చెప్పు."

ఆయన తడబడి, "మంచిగున్నదమ్మా" అన్నాడు. నేను అప్పుడు సిగ్గుపడి తల దించుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది. బడి ముఖం చూడని మనిషి, తన పని తనదేనని అంత సూటిగా అడిగి చెప్పించుకుంది.

ఆమెను చివరిసారి చూసింది నెల కిందట, హైవే మీద. బడి పిల్లల బియ్యం గదికి షట్టర్ సరిచేయాలని మేస్త్రి బండి మీద వెనక కూర్చుని పోతోంది. రబ్బరు పట్టీల చుట్ట ఒడిలో పెట్టుకుని, కొంగు తలకు బిగించి కట్టుకుంది. నేను చెయ్యి ఊపాను. చూడలేదు. మేస్త్రి భుజం మీద వేలితో పొడుస్తూ ఏదో గట్టిగా చెబుతోంది. అతను తలాడిస్తున్నాడు. ఒడిలోంచి జారిన పట్టీ కొస ఒకటి గాలికి వెనక్కి లేచి, బండి మలుపు తిరిగేదాకా ఆడుతూనే ఉంది.