శ్రావణంలో దారి తప్పిన బంతి

మొన్న ధర్మవరంలో ఒక పెళ్లికి వెళ్లాను. మాంగల్యధారణ సమయంలో అందరూ ఎప్పటిలాగే చేతులెత్తి, ముందు వరసలో కూర్చున్నవాళ్ల నెత్తిమీద అక్షింతలు వేస్తున్నారు. మా చెల్లెలి మనవరాలు మాత్రం వెనక నిలబడి, చేతిని గిర్రున తిప్పి, నడుము పక్కనుంచి కిందిగా ఒక్క విసురు విసిరింది. ఆ గుప్పెడు బియ్యం ముందున్న తలలన్నీ దాటుకుని పోయి పెళ్లికొడుకు బాసికం మీద టపటపా పడ్డాయి. పురోహితుడు మంత్రం చదువుతూనే తలెత్తి చూశాడు. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన, “ఏమ్మా, అక్షింతలేస్తాండావా, కాకుల్ని కొడ్తాండావా?” అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. బొటనవేలితో చూపుడువేలి కొసను ఒకసారి రుద్దుకుని, చేతిని కొంగుకు తుడుచుకుంది. ఆ రుద్దుకోవడం నాకు బాగా తెలుసు. ఒక శ్రావణమాసమంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను, ఏమీ అర్థం కాకుండా.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పెనుకొండలో వర్షం కొలిచాను. మా సీమలో అది ఒళ్లు అలిసే పని కాదు. ఏడాదిలో చాలా రోజులు కొలపాత్ర తీసి చూడడం, సున్న చుట్టడం, టీ తాగడం, అంతే. సున్న అయినా సరే రాయాలి, రాయని రోజు ఉండకూడదు అని మా పై అధికారి మొదటిరోజే చెప్పాడు. ఆ అలవాటు డైరీలకు పాకింది. రిటైరై హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాక కూడా పోలేదు. “ఇంట్లో చీమ తుమ్మినా రాసుకుంటాడు ఈయప్ప” అని మా ఇంటావిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఆ పిల్ల ఇంటర్మీడియెట్ చదవడానికి హిందూపురం వచ్చి మా ఇంట్లో ఉంది. వాళ్లది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన మగ్గం నేస్తాడు, అంటే నా మేనల్లుడు. అవ్వ, అంటే నా చెల్లెలు, నేతకు ముందు చెయ్యవలసిన పనులు చేస్తుంది. కాలేజీలో చేరిన కొద్దిరోజులకే ఆమె సాఫ్ట్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బంతి విసిరే మనిషి, అయింది. మాకెవరికీ ఆ ఆట తెలియదు. పెద్ద దానిమ్మకాయంత పసుప్పచ్చ బంతి, దానిమీద ఎర్రదారంతో ఎత్తుగా కుట్లు. చేతిని గాలిమరలా తిప్పి కిందినుంచి విసరాలి. అవతల ఒకమ్మాయి బ్యాటుతో కాచుకుని ఉంటుంది. మేనల్లుడు ఒకసారి వచ్చి చూసి, “ఏం మామా, రోకలిబండతో క్రికెట్ ఆడతాండారే” అన్నాడు. అన్నాడే కానీ, బిడ్డ విసిరిన బంతి గురి తప్పకుండా బ్యాటరు వెనక కూర్చున్న క్యాచర్ గ్లవ్‌లో ఠప్పున పడినప్పుడల్లా చుట్టూ చూసేవాడు, ఎవరైనా గమనించారా లేదా అని.

ఆమెకు కావలసింది ఒకటే. మెడలో విజిల్ వేసుకుని పిల్లలకు ఆటలు నేర్పే టీచరు కావాలి. రాష్ట్ర జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే ఆ చదువుకు ఆటల కోటాలో సీటు దొరుకుతుంది, లేకపోతే అంత దూరం చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. ఎంపికలు పెనుకొండలో, శ్రావణం దాటగానే. ఆషాఢమంతా ఆమె బంతిని ఎవరూ కొట్టలేకపోయారు. కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సార్ ఆమె చేతనే ప్రతి మ్యాచూ విసిరించాడు, ఎందుకంటే జట్టులో మరో పిచ్చర్ లేదు.

శ్రావణం రాగానే బంతి దారి తప్పింది. ఒకటి బ్యాటరు తలమీదుగా పోయేది, ఇంకొకటి ముందే నేలకు కొట్టుకునేది. విసిరిన ప్రతిసారీ ఆమె వేలికొసలు రుద్దుకుని, చెయ్యి ప్యాంటుకు తుడుచుకునేది. పీడీ సార్ మా ఇంటికి వచ్చాడు. “సార్, తప్పు నాదే. పాపతో మోతాదు మించి వేయించినా. భుజం అలిసిపోయినాది. మీకు రాసే అలవాటుండాది కదా, రోజూ ఎన్ని వేస్తాందో కొంచెం రాయండి” అన్నాడు. నాకు రిటైరయ్యాక అంత గౌరవంగా ఎవరూ పని అప్పగించలేదు. మడత కుర్చీ, గొడుగు తీసుకుని రోజూ గ్రౌండుకు వెళ్లాను. ఎన్ని విసిరింది, ఎన్ని గురికి పోయాయి, ఎండ ఎలా ఉంది, ముందురోజు ఎంతసేపు నిద్రపోయింది, ఏం తిన్నది, అన్నీ గీతలు కొట్టి రాశాను. సార్ విసిరించడం సగానికి తగ్గించాడు. బంతి మరింత తప్పింది. వారమంతా విశ్రాంతి ఇచ్చాడు. సోమవారం వచ్చి విసిరితే అది క్యాచరును దాటి నా కుర్చీ కిందికి వచ్చింది.

అప్పుడిక ఎవరి వైద్యం వాళ్లు మొదలుపెట్టారు. మేనల్లుడు ఫోనులో, “చెయ్యి ఆడించకుంటే తుప్పు పట్టదా మామా? మగ్గమైనా అంతే కదా” అన్నాడు. చెల్లెలు మిరపకాయలు దిగదీసి నిప్పుల్లో వేసి, ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చింది. నా కాగితాల్లో మాత్రం ఏ కారణమూ నిలబడలేదు. ఎక్కువ విసిరిన రోజూ తప్పింది, తక్కువ విసిరిన రోజూ తప్పింది. పిల్లకు ధైర్యం చెప్పాలని కూడా నాకు తోచలేదు. రోజూ వెళ్లాను, రాశాను, వచ్చాను, వాన లేని రోజు సున్న చుట్టినట్టే.

శని, ఆదివారాలు ఆమె రైల్లో ధర్మవరం వెళ్లేది. ఇంటి దగ్గర సరిగ్గా నిద్రపోతోందో లేదో చూద్దామని ఒక ఆదివారం నేనూ వెళ్లాను. ఇంట్లో మగ్గం ముందు నేలమీద కూర్చుని ఆమె అచ్చు అతుకుతోంది. అంటే, మగ్గం మీద పాత పడుగు, నిలువు పోగుల వరస, అయిపోయేటప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు కొసలను పోగుకు పోగు కలపాలి. ముడి వెయ్యకూడదు. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు పోగుల్నీ కలిపి గట్టిగా నులమాలి. చీరలకు వాడే పోగు వెంట్రుకకన్నా సన్నం. ఒక్కో పడుగులో అవి వేలల్లో ఉంటాయి. ఇదివరకు అది నా చెల్లెలి పని. ఆమె కంటికి ఆ ఆషాఢంలోనే ఆపరేషన్ అయింది, అప్పటినుంచి అది మనవరాలి మీద పడింది. పైగా శ్రావణం, పెళ్లిళ్ల చీరలకు తొందర.

అంతలో రేషన్ బియ్యం తెచ్చుకోవాలని చెల్లెలు బయల్దేరింది. నేనూ, మనవరాలూ తోడు వెళ్లాం. షాపులో వేలిముద్రల మిషన్ చెల్లెలి వేలిని తీసుకోలేదు. “ఇంట్లో ఇంకెవరైనా పెట్టండమ్మా” అన్నాడు షాపతను. మనవరాలు పెట్టింది. అదీ తీసుకోలేదు. చెయ్యి మార్చినా తీసుకోలేదు.

చెల్లెలు నవ్వింది. “మా ఇండ్లల్లో ఆడోళ్లకి యాలిముద్దర్లు యాడుండాయప్పా? అన్నీ అచ్చులోనే పాయె.”

నేను పిల్ల చెయ్యి పట్టుకుని చూశాను. గీతలన్నీ అరిగిపోయి వేలికొసలు చింతగింజల్లా నునుపుగా ఉన్నాయి. బంతి వదిలే చివరి క్షణంలో ఆ ఎర్రకుట్లను పట్టుకోవలసింది ఆ కొసలే. నెలరోజులుగా మేమంతా భుజాన్నే చూస్తూ వచ్చాం.

ఆ మధ్యాహ్నం మేనల్లుడికి చెప్పాను. అతను మగ్గం ఆపలేదు. ఆపకుండానే, “ఎంపికలయ్యేదాకా పాపను అచ్చు ముట్టుకోవద్దందామా మామా? శ్రావణంలో అతికేవాళ్లు దొరకరు. దొరికేదాకా మగ్గం నిలిపేస్తా” అన్నాడు. నిజంగానే అన్నాడు. లోపలినుంచి పిల్ల వచ్చి, “చెయ్యి బాగానే ఉండాది నాయనా. తాత ఊరికే అంటాడు” అని మళ్లీ పోయి బూడిద అద్దుకుంది. ఇద్దరమూ ఆ మాటను పట్టుకుని ఊరుకున్నాం.

ఎంపికల రోజు పెనుకొండ కొండమీద మబ్బు కమ్మింది కానీ చినుకు రాలలేదు. ఆమె విసిరిన మొదటి బంతులు బాగానే పోయాయి. తర్వాతవి పోలేదు. సాయంత్రం చదివిన పేర్లలో ఆమెది లేదు. పీడీ సార్ నా దగ్గరికి వచ్చి, “నేనే ఎక్కువ వేయించినా సార్” అని మళ్లీ అన్నాడు. తర్వాత కొన్నాళ్లకు ఆయన ఆ మాటే నమ్ముకుని బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆ రాత్రి మేము రైలెక్కి హిందూపురం వచ్చాం. దారిలో ఆమె వేరుశనక్కాయలు ఒలిచి నాకు సగం పెట్టింది.

మొన్న పెళ్లి భోజనాల్లో ఆమె నా పక్కనే కూర్చుంది. ఇప్పుడు ధర్మవరంలోనే ఒక చీరల షాపులో పనిచేస్తోంది. ఆ రోజు రేషన్ షాపులో వేళ్లు అరిగిన సంగతి తనకూ కొత్తగా తెలిసిందా అని అడిగాను.

“ముందే తెలుసు తాతా. బంతి జారేది నాకు తెల్దా? అదొక్కటే కారణమో, భుజం కూడానో, అది మాత్రం ఇప్పటికీ తెల్దు.”

“మరి చెప్పలేదేమ్మా?”

“చెప్తే నాయన మగ్గం నిలిపేస్తాడు. నిలిపేసినాక కూడా బంతి జారితే?” అంది, పెరుగన్నంలో మామిడికాయ ఊరగాయ కలుపుకుంటూ.

చెయ్యి కడుక్కుని వచ్చి ఫోను తీసింది. ఇప్పుడు వాళ్ల వీధిలో అచ్చులు అతికే మిషన్ వచ్చిందట, ఆడవాళ్లకు ఆ పని తప్పిందట. చూపుడువేలు ఆనించగానే ఫోను తెరుచుకుంది. “చూడు, గీతలు మళ్లా వచ్చినాయి” అంది. ఏదో మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది. టైము చూసి, షాపుకు ఆలస్యమైందని లేచి వెళ్లిపోయింది. నాకు బాధ కలగాలి అనుకున్నాను. విస్తరి ముందు కాసేపు కూర్చున్నాను కానీ ఏమీ కలగలేదు. కాలం ఆమె వేళ్లనుంచి తీసుకున్నదాన్ని ఒక్క గీత కూడా తక్కువ కాకుండా తిరిగి ఇచ్చేసింది, వాటితో పని ఉన్న రోజు దాటిపోయాక.