వసంతక్క అడిగిన పది రోజులు

నిన్న పొద్దున ఫోన్ తీస్తే మెసేజ్. వసంతక్క పోయింది.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేక ఫోన్ బోర్లించి పెట్టాను.

ఆమె మనవరాలు తమిళంలో పెట్టింది. ఉద్యోగం చేసినంత కాలం పిల్లలకు తెలుగు నేర్పిన మనిషి చావు కబురు తమిళంలో చదువుకున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

మా పాత టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు "స్ట్రిక్ట్ టీచర్" అని రాసి దండాల బొమ్మలు పెడుతున్నారు. అంతేనా ఆమె?

జరిగింది చెప్తాను. ఇందులో నాకు మంచి పేరేమీ రాదు.

డెబ్బైల చివర. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. తిరుత్తణిలో మా ఇంట్లో అందరూ మగ్గం మీద కూర్చున్నవాళ్లే. టీచరైన మొదటిదాన్ని నేను.

స్కూలు కనకమ్మ సత్రం అనే ఊరు దాటాక ఒక పల్లెలో. తమిళనాడు బడి కదా, తెలుగు సెక్షన్ మొత్తం ఒకటే పొడవాటి హాలు. ఒకటి, రెండు, మూడు క్లాసులు వసంతక్కకు. నాలుగు, అయిదు నాకు. మధ్యలో గోడ లేదు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజే నేను పుస్తకం తెరిచాను.

అక్క తెరవలేదు. పిల్లల్ని బయటికి పంపి, మళ్లీ లోపలికి రమ్మంది. చెప్పులు గోడ వారగా వరసగా విడవాలి. సంచి ఎడమ పక్కన, పలక ఒడిలో. ఒక్కరు తోసుకున్నా అందరూ మళ్లీ బయటికి. నీళ్లకు పోవాలంటే ఎలా అడగాలి, పని ముందే అయినవాళ్లు ఏం చేయాలి, మూడో క్లాసు వాళ్లు ఒకటో క్లాసు వాళ్ల చేత అక్షరాలు ఎలా దిద్దించాలి... రోజంతా ఇదే.

ఆ గోలలో నా పాఠం నాకే వినపడేది కాదు. వారం తిరక్కముందే గొంతు పోయింది. విసుగొచ్చి అడిగేశాను, పాఠం ఎప్పుడు మొదలుపెడతావని.

"పది దినాలు పోనీ సుగుణా. మూడు క్లాసులు ఒకే తూరి నేను చూడలేను గదా. వాళ్ళను వాళ్ళే చూసుకునేది వస్తే, ఆమీట పాఠం దాని పాటికి అది నడుస్తాది. నువ్వూ చేసి చూడు."

నేను చేయలేదు. నాకు పాఠాల పోర్షన్ అయిపోవాలి.

ఎనిమిదో రోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నావాళ్లు మూడు పాఠాలు గడగడా అప్పజెప్పారు. అక్క పిల్లల్ని ఎన్ని పాఠాలయ్యాయని అడిగితే బిక్కమొహం వేశారు. వారం రోజులుగా చెప్పులు విడవడమే నేర్పిస్తున్నారా అని తమిళంలో నవ్వి, పాఠాలు మొదలుపెట్టలేదని విజిట్ బుక్‌లో రాశాడు.

అక్క నా వైపు చూసింది. పక్కనే ఉండి అంతా చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను తల వంచుకుని చాక్‌పీసు గిల్లుతూ నిలబడ్డాను.

ఆ రాత మీదే జూలైలో ఆమెను వెంగల్ బడికి ట్రాన్స్‌ఫర్ చేశారు. బదులు ఎవరూ రాలేదు. అయిదు క్లాసులూ నా నెత్తిన పడ్డాయి.

ఆమె వెళ్లిన మరుసటి సోమవారం భయపడుతూనే హాల్లోకి వెళ్లాను. అక్క పిల్లలు చెప్పులు వరసగా విడిచి, వచ్చి కూర్చున్నారు. మూడో క్లాసు వాళ్లు ఎవరూ చెప్పకుండానే చిన్నవాళ్ల పక్కకు జరిగి పలకలు అందుకున్నారు. అరుస్తున్నది నా నాలుగో క్లాసు, అయిదో క్లాసు.

పోను పోను నావాళ్లూ వాళ్లను చూసి నేర్చుకున్నారు. నేను నేర్పిందేమీ లేదు.

దీపావళి తర్వాత అదే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒక్క టీచరు అయిదు క్లాసుల్ని ఇంత చక్కగా నడపడమా అని, నా పేరు మీద మంచి రిమార్కు రాశాడు.

నేను "థాంక్యూ సార్" అన్నాను.

అంతే అన్నాను. ఇప్పటికీ నాకు మండేది అక్కడే.

మరుసటి ఏడాది తిరువళ్లూరు బస్టాండులో అక్క కనిపించింది. దాచుకోలేక ఆ రిమార్కు సంగతంతా చెప్పేశాను. నవ్వి వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు.

"వెంగల్లో మళ్ళా మొదటినించి మొదలుపెట్టినా. ఆడా ఇవే తిట్లు. నువ్వు ఆ దినం ఒక్క మాట చెప్పింటే, నేను నా పిలకాయల దగ్గరే ఉండేదాన్ని గదా సుగుణా."

బస్సు వచ్చింది. వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

ఆ వారమే హెడ్మాస్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసుకు లెటర్ పెట్టాను. జవాబు లేదు. అక్క మా స్కూలుకు తిరిగి రానూ లేదు.

ఎనభైల చివర్లో నేను హెడ్‌మిస్ట్రెస్ అయ్యాక ఒకటే పట్టు పట్టాను. జూన్‌లో మొదటి పది రోజులు ఏ టీచరూ పుస్తకం తెరవకూడదు. ఏటా ఆఫీసుతో తగవే. ఆ సంగతి అక్కకు ఉత్తరం రాస్తే ఒక కార్డు వచ్చింది.

"సంతోషం. ఒకటో క్లాసుకు పది చాలదు, పదైదు ఇయ్యి."

క్షమించానని రాయలేదు. రాయమని నేనూ అడగలేదు.

వెళ్లిరా అక్కా. నిన్ను ఎవరూ తొందరపెట్టని చోట నీ మనసు చల్లగా ఉండాలి.