బారసాల కాని బిడ్డ

మా ఆయనకి కంపెనీవాళ్ళు ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు. అంటే సౌదీలోని ఈ దమ్మామ్ నుంచి మూటాముల్లె సర్దుకుని పోవడమే, మళ్ళీ రావడానికి వీసా ఉండదు. పోతే పోనీ, ఈ ఎండలు ఎవరిక్కావాలి! కానీ మా తొలిచూలు బిడ్డ ఇక్కడి మట్టిలో ఉంది. ఊరి బయట, మాబోటి పరాయివాళ్ళకి ఇచ్చిన శ్మశానంలో. పుట్టి పది రోజులైనా నిండకుండానే పోయింది. వీలైనప్పుడల్లా వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళం. ఇక ఎవరు వెళతారు? ఆ మాట ఎత్తితే చాలు, ఆయన సూట్‌కేసుల తూకం మొదలెట్టేవారు.

అబ్బబ్బ, ఆ తూకాలు! కొక్కెం తగిలించడం, పైకెత్తడం, "ఎక్కువైందే" అనడం. నా చీరలు తీస్తారు, తన డ్రిల్లింగ్ మిషన్ పెడతారు. ఒళ్ళు మండిపోయేది.

ఆ గోల చాలదన్నట్టు పక్క విల్లాలోని అమెరికా ఆవిడ సాయానికొచ్చేది. ఆవిడ మార్మన్. ఆ మతం వాళ్ళు టీ, కాఫీలు ముట్టరు. నేనేమో అలవాటుకొద్దీ ప్రతిసారీ టీ పెట్టేసి, రెండు కప్పులూ నేనే తాగి చచ్చేదాన్ని. పైగా ఏది ముట్టుకున్నా వాళ్ళ పూర్వీకుల కథే! ఉన్నచోట బతకనివ్వకపోతే అమెరికా పడమటి ఎడారివైపు వెళ్ళిపోయారట. ఎద్దుబండి కొనలేనివాళ్ళు సామానంతా చేతిబళ్ళలో వేసి నెలల తరబడి లాక్కుంటూ నడిచారట. మనిషికింతే బరువని అక్కడా తూకమేనట! ఆడవాళ్ళు గౌను మీద గౌను తొడుక్కుని గట్టెక్కేవారట. అది విని మా ఆయన, "నువ్వూ చీర మీద చీర కట్టుకోవే" అన్నారు. అంత కథలో ఆయన బుర్రకెక్కింది అదొక్కటే!

మా బిడ్డ సంగతి తెలిసినావిడేగా, ఆఖరి వారం మళ్ళీ మొదలెట్టింది. వాళ్ళ ముత్తవ్వకి ముత్తవ్వ ఎవరో దారిలో చంటిబిడ్డని పాతిపెట్టి, బండి పట్టుకుని నడిచిపోయిందట. ఇక నావల్ల కాలేదు.

"చాల్లెండి! ఆవిడ వెళ్ళిపోయిందని నేనూ వెళ్ళిపోవాలా? ఇదేం ఓదార్పు?" అని అరిచేశాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఆ బిడ్డ సమాధి ఎక్కడో మాకెవరికీ తెలీదు. పేరు మాత్రం మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ మీ పాప దగ్గరికి వెళతాను. ఏమని పిలవను?" అంది.

ఏం చెప్పను, నా మొహం! మనకి బారసాల అయితేగా పేరు. బారసాల కాకుండానే పోయింది. పేరైనా లేని పసిగుడ్డు, మరిచిపోండని పెద్దవాళ్ళు ఊరి నుంచి ఫోన్లో తేల్చేశారు. మరిచిపోవడం అంత తేలికా? ఇన్నేళ్ళూ మేము "పాప" అనే అనుకున్నాం.

"పేరు లేదండీ" అన్నాను. ఆ మాట నా నోటితో అనాల్సి వచ్చినందుకు కోపం తన్నుకొచ్చింది. అంతా ఆయన మీద చూపించాను. "వినపడుతోందా? ఆ దిక్కుమాలిన తూకం ఆపి ఏదో ఒకటి చెప్పండి!"

ఆయన తలెత్తకుండానే ఒక పేరు చెప్పారు. ఆలోచించలేదు, తడుముకోలేదు. రోజూ పిలుచుకునే పేరులా పలికారు. ఆవిడకి నోరు తిరగక మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన కొక్కెం కింద పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పారు.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"బారసాలనాడు ముందు నీకే చెబుదామనుకున్నానే" అన్నారు.