రేటు దిగేదాకా కురుమయ్య

కురుమయ్య గురించి చెప్పాలంటే ముందు మా బర్రె గురించి చెప్పాలి. ఎందుకంటే మొన్నటిదాకా వాడు దాని కొట్టంలో కాపురమున్నాడు, అది బయట ఎండలో ఉంది.

వాడు మా పక్కింటివాడు. పక్కిల్లు అనేది మాఘమాసం దాకా ఉండేది. రాయీ మట్టీ కలిపి కట్టిన తాతలనాటి మిద్దె. కొత్తది కడతానని వాడే దగ్గరుండి జేసీబీ పెట్టి కూలగొట్టించాడు. కొత్తకోట దగ్గర హైవే పక్కన వాడికో ప్లాటుంది. హైదరాబాదు నుంచి హరీష్ అనే ఆయన వచ్చి, బేరం ఖాయం చేసుకుని, చేతిలో కొంత బయానా పెట్టి పోయాడు. మిగతా పైసలు వచ్చాక ఇల్లు ముట్టుకోవాలని ఎవడికైనా తోస్తుంది. మావాడికి తోచలేదు. పంతులు మంచిరోజు చెప్పాడు, జేసీబీ దొరికింది, అంతే. మధ్యాహ్నానికల్లా ఇల్లు మట్టికుప్ప. పెళ్లాం జములమ్మ, సామాను, కోళ్లగంప, రెండు మేకపోతులు మా కొట్టంలోకి వచ్చాయి.

"రెండు నెలలే వెంకటన్నా" అన్నాడు నాతో. నేను నమ్మాను. నాకూ బుద్ధి లేదు.

అంతలోనే భూముల బేరాలు పడుకున్నాయి. హైవే వెంట వెంచర్లలో ప్లాట్ల హద్దులకు పాతిన రంగురాళ్ల మధ్య మేకలు తప్ప ఎవరూ తిరగడం లేదు. ఇళ్లు కట్టేవాళ్లు లేక సిమెంటు, స్టీలు, ఇటుక అన్నీ దిగడం మొదలుపెట్టాయి. కురుమయ్య మాత్రం లేచి కూర్చున్నాడు. పొద్దున్నే బండేసుకుని కొత్తకోటలో వెంకట్రాములు సిమెంటు దుకాణానికి పోయేవాడు. రేటు అడిగి, ఆయన పైసలతోనే చాయ్ తాగి, ఏమీ కొనకుండా తిరిగొచ్చేవాడు.

"సిమెంటు మల్ల దిగింది అన్నా."

"దిగితే కొనరాదుర?"

"ఇంకా దిగుతది. ఇప్పుడు కొన్నోడు పిచ్చోడు."

చెప్పే తీరు చూస్తే రేటును తనే పట్టి కిందికి గుంజినట్టుండేది. ఊళ్లో హోటలు దగ్గర జనం వాడిని సలహాలు కూడా అడిగేవారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇక్కడ పునాదిలో చిన్న రాయి కదల్లేదు గానీ పై అంతస్తుకు ఏ రంగు వేయాలో వాడు తేల్చేశాడు. 

ఖాజా మియా అని మా దగ్గర మేస్త్రీ ఉన్నాడు. ఈ చుట్టుపక్కల ఇళ్లలో సగం ఆయన చేతి మీదే లేచాయి. ఎక్కడా పని లేక, తాపీ సంచి భుజాన వేసుకుని రోజూ కురుమయ్య దగ్గరికి వచ్చి కూర్చునేవాడు.

"అన్ని దిగినయ్ మేస్త్రీ, నీ కూలి దిగదా?" అన్నాడు కురుమయ్య ఒకరోజు, సిగ్గు లేకుండా.

"దించిన పో. పని వెడ్తవా?"

"వచ్చే నెల జూద్దాం. ఇంకా జర దిగుతవేమో."

ఖాజా మియా గడ్డం గోక్కున్నాడు. "నా కూలి దిగింది గని నా కడుపు దిగలే కురుమయ్యా. ఇంట్ల హలీమాబీ బియ్యం తెమ్మంటది, రేటు జూసి రమ్మనదు" అని సంచి తీసుకుని లేచిపోయాడు. మరునాడు మళ్లీ వచ్చాడు. పాపం, ఎక్కడికి పోతాడు.

కొట్టానికి కప్పు సగమే ఉంది. బర్రెకు అది చాలు. జములమ్మ మాత్రం ఎండాకాలమంతా ఆ పేడ వాసనలో, దోమల్లో, కట్టెల పొగలో ఈడ్చింది. మృగశిర ఇంకా రాకముందే ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. బియ్యం బస్తా తడిసింది, బొంతలు తడిసాయి. ఆమె ఒక్కో బొంత పిండి దండెం మీద వేస్తుంటే కురుమయ్య ఆకాశం చూసి, "వానలు వడితే రేట్లు ఇంకా వడ్తయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పు తీద్దామనుకున్నాను, అది వానకు కొట్టుకుపోయింది.

 ఆ శనివారం జములమ్మ మేకపోతులు రెండింటినీ పెబ్బేరు సంతకు తోలుకుపోయింది. ఈ కరువులో దిగనిది మేకపోతు రేటొక్కటే. తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో సిమెంటు బస్తాలు, ముందు సీట్లో ఖాజా మియా. పాత ఇంటి రాళ్లు అక్కడే కుప్పగా ఉన్నాయి. పాత పునాది మీద, పాత రాళ్లతో ఒక్క అర్ర, ఒకే ఒక్క గది, లేవడం మొదలైంది. మేస్త్రీకి ఆమె పాత కూలే ఇచ్చింది.

"తొందరవడ్డవే! ఇంకో వారం ఆగితే బస్తాకు ఎంత మిగులుతుండె!" అని కురుమయ్య చుట్టూ తిరిగాడు.

"ఆ రాయి అందియ్యి" అంది జములమ్మ.

వాడు అందించలేదు. తలుపుల కర్ర రేటు చూసొస్తానని వనపర్తి పోయాడు. గోడలు నడుముదాకా వచ్చేసరికి వాడు ఊళ్లో కనబడటమే తగ్గించాడు.

అయితే మా దిక్కు ఒక పద్ధతుంది. గోడలు ఎవరైనా లేపొచ్చు గానీ, దర్వాజ, అదే ద్వారబంధం, నిలబెట్టాలంటే ఆలుమగలు పక్కపక్కన కూర్చోవాలి. జములమ్మ పాత ఇంటి టేకు దర్వాజనే కడిగి, పసుపు పూసి పెట్టింది. మంచి ఘడియ దగ్గరపడుతుంటే నేను పోయి సిమెంటు దుకాణంలో ఉన్న కురుమయ్యను రెక్క పట్టి లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టాను.

ఖాజా మియా అప్పటికే అందరినీ ఉరికిస్తున్నాడు. "కుంకుమేది? నవధాన్యాలేవి? మామిడాకు ఇంకా తేలేదా? ప్రతి ఇంట్ల నేనే యాది జెయ్యాల్నా?" అని అరిచి, కురుమయ్య వైపు తిరిగాడు. "ఇగ ఇంటాయన గడప కింద రూపాయి బిళ్ల వెయ్యాలె. కానీ."

కురుమయ్య అంగీ జేబు తడిమాడు. ప్యాంటు జేబులు రెండూ తడిమాడు.

"ఫోన్ల ఉన్నయ్" అన్నాడు.

"గడప కింద ఫోన్ వెడ్తవా?" అన్నాడు మేస్త్రీ. అందరం పగలబడి నవ్వాం.

కురుమయ్య నవ్వలేదు. తల వంచుకుని, "ఫోన్ల గూడ లేవు" అన్నాడు.

తర్వాత ఒక్కో మాటే బయటికొచ్చింది. ప్లాట్ల రేటు పడిపోయిందని హరీష్ ఎప్పుడో బేరం విడిచిపెట్టాడు. ప్లాటును ఇప్పుడు అడిగే దిక్కు లేదు. బయానా జేసీబీకి, ఇంటి ఖర్చులకు అయిపోయింది. 

"రేట్లు జూస్తున్న అంటే, పైసలున్నయా అని ఎవ్వరు అడుగలే అన్నా" అన్నాడు నాతో. "తాత కట్టిన ఇల్లు నా చేతులతోని కూలగొడ్తి. ఏ మొఖం వెట్టుకోని చెప్పాలె?"

నాకు నిజంగా ఏడుపొచ్చింది. 

జములమ్మ కొంగు ముడి విప్పి, రూపాయి బిళ్ల తీసి వాడి అరచేతిలో పెట్టింది.

"హరీష్ రాడని నాకు ఉగాదికే తెల్సు. వెంకట్రాములు పెండ్లాం చెప్పింది" అంది.

"మరి అడుగకపోతివి?"

"నేను అడిగితే నువ్వు ఇంకో రేటు చెప్తుంటివి. నీ అంతట నువ్వే చెప్తవని జూసిన." ఆమె గడప కింది గుంత చూపించింది. "పెట్టు. ఘడియ దాటుతది."

ఖాజా మియా అటు తిరిగి, ఏ వంకరా లేని గోడకు తూకం గుండు పట్టి చూస్తూ నిలబడ్డాడు. కురుమయ్య బిళ్లను గడప గుంతలో పెట్టి, చేయి తీయకుండా అట్లాగే కూర్చున్నాడు. జములమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి, ఇద్దరి చేతులతో కలిపి సిమెంటు మాలు కప్పింది.